బస్తా నానిన బుధవారం

బుధవారం తెల్లారి క్యాంటీన్ వంటింటి తలుపు తీయగానే, లోపల్నుంచి తడిసిన మీల్ మేకర్ ముక్క ఒకటి దొర్లుకుంటూ వచ్చి వంటమాస్టారి చెప్పుకి తగిలి ఆగింది. ఆయన దానివంక చూస్తుండగానే రెండోది వచ్చింది.

లైటు వేశాడు. నిన్న సాయంత్రం పెద్ద గుండిగలన్నిట్లో సోయా ముక్కలు నానబోసి, మూతలు పెట్టి, పిల్లి రాకుండా ఒక్కో మూత మీద ఒక్కో రాయి పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు రాళ్ళు నేలమీద ఉన్నాయి. మూతలు గుండిగల మీద కాక ముక్కల మీద ఉన్నాయి, తాగొచ్చినవాడి టోపీలా ఓ పక్కకి ఒరిగి. ముక్కలు గుండిగ అంచు దాటి, గట్టు దాటి, కిందికి దిగి, తలుపుదాకా వచ్చి కూర్చున్నాయి.

"పిల్లి," అన్నాడు మాస్టారు.

ఆయన వెనకే వచ్చిన అన్నం అక్క లోపలికి తొంగిచూసింది. క్యాంటీన్లో అన్నం వార్చేది ఆవిడే, అందుకే ఆ పేరు.

"పిల్లి తింటే తగ్గాలి కదా మాస్టారూ. ఇదేంటి, పెరిగింది?"

"అయితే ఎవరో తెచ్చి పోశారు."

"తాళం తీసుకుని వచ్చి, సరుకు దానం చేసి, మళ్ళీ తాళం వేసి పోయారా? అలాంటి దొంగలుంటే మా ఇంటి అడ్రసు కూడా ఇవ్వండి."

మాస్టారు ఒక ముక్క తీసి వేళ్ళమధ్య పెట్టుకుని చూశాడు. నిన్న బస్తాలోంచి తీసినప్పుడు అది గోలీకాయంత ఉంది. ఇప్పుడు నిమ్మకాయకి తమ్ముడిలా ఉంది. అప్పుడు అర్థమైంది ఆయనకి. అర్థమైన సంగతి మాత్రం అక్కకి చెప్పలేదు.

అట్టపెట్టెలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో మాస్టారి అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ 'కంటికొలత మాస్టారు' అంటారు. తక్కెడ, గిన్నె, గ్లాసు, ఏదీ ముట్టుకోడు. బియ్యం చూసి ఎంతమందికి వస్తుందో చెబుతాడు, మనిషిని చూసి ఎంత బియ్యం కావాలో చెబుతాడు. కొత్తగా పనిలో చేరినవాడు గేటు దాటి వస్తుంటే కిటికీలోంచి చూసి, "అక్కా, రేపట్నుంచి ఓ గరిటెడు ఎక్కువ," అని కేకేసిన రోజులున్నాయి. ఆయన వండిన కూర చాల్లేదని లేచినవాడు లేడు. మిగిలిందని పారబోసిన రోజు లేదు. వినయం ఒక్కటే ఆయన కంటికి ఆనని సరుకు.

వంట ఆయనకి మేనమామ దగ్గర అబ్బింది. మేనమామ నేర్పిన సూత్రాల్లో గట్టిది మాంసం గురించి. మాంసం నిప్పుమీద ముడుచుకుపోతుంది. పొయ్యి ఎక్కేటప్పుడు ఉన్నంత దిగేటప్పుడు ఉండదు. కాబట్టి కంటికి సరిపోయిందనిపించాక, కళ్ళు మూసుకుని పైన ఇంకో దోసెడు వెయ్యాలి. ఆ దోసెడు వల్లే మాస్టారికి ఇన్నేళ్ళుగా మాట పడలేదు. ఆ దోసెడు వల్లే ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక చూస్తున్నాడు.

సంగతి మొదలైంది ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరమ్మతో. కరెంటు, నీళ్ళు, పొగ, చెత్త చూసుకుని ఫ్యాక్టరీని పచ్చగా ఉంచడం ఆవిడ పని. పని పేరు పొడుగు కావడంతో జనం 'పచ్చమేడమ్' అని తేల్చేశారు. ఒకరోజు ఆవిడ వంటింట్లోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాస్టారు గారూ, బుధవారం మాంసం బదులు సోయా పెడదాం."

"ఎవరికమ్మా, పశువులకా?"

"మనకే."

"పశువులు ఒప్పుకుంటాయా?"

మేడమ్ నవ్వింది. కోపం రాకపోవడం చూసి మాస్టారికి కొంచెం నిరాశ కలిగింది. ఆవిడ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. మన పెట్టెలు కొనే బిస్కెట్ల కంపెనీ ఇప్పుడు పెట్టెలు ఒక్కటే చూడటం లేదు, పెట్టెలు చేసేవాళ్ళు నేలనీ నీళ్ళనీ ఎంత ఖర్చుపెడుతున్నారో కూడా చూస్తోంది. ఒక ముద్ద మాంసం రావాలంటే ఆ జంతువు అంతకు ఎన్నోరెట్లు మేత తినాలి. ఆ మేత పండాలంటే పొలం కావాలి. పొలం చాలక ఎక్కడెక్కడో అడవులు కొట్టేసి సోయా వేస్తున్నారు.

"అదిగో, మీరే అన్నారు. అడవులు తినేసే పంట! దాన్ని తెచ్చి నా పొయ్యిమీద పెడతారా?"

"ఆ సోయాలో చాలా భాగం కోళ్ళకీ పందులకీ మేతగా పోతోంది మాస్టారూ. మనుషులు నేరుగా తినేది తక్కువ. మనమే తింటే అంత పొలం అక్కర్లేదు."

"మా వంటింట్లోకి సోయా ఇంతవరకు అడుగుపెట్టలేదమ్మా," అన్నాడు మాస్టారు, రాజ్యం తరఫున మాట్లాడుతున్నట్టు.

అప్పుడు మేడమ్ నవ్వడం మానేసి అసలు సంగతి చెప్పింది. ఫలానా బుధవారం కంపెనీవాళ్ళు వస్తారు. భోజనం అయ్యాక వంటింటి వెనకున్న చెత్త డ్రమ్ములోకి తొంగిచూస్తారు. డ్రమ్ములో తిండి కనబడితే, క్యాంటీన్ నడపడం ఈ ఫ్యాక్టరీకి చేతకాదని రాసుకుపోతారు. ఆపైన యాజమాన్యం వంటిల్లు మూసేసి బయటనుంచి ప్యాకెట్లు తెప్పిస్తుంది. ఆ మాట పైవాళ్ళు అప్పుడే అనేసుకున్నారు.

"ప్యాకెట్లా?"

"ప్యాకెట్లు. నాకూ ఇష్టం లేదు. అందుకే ముందే చెబుతున్నా."

పని మానెయ్యడానికి మాస్టారికి పెద్ద అభ్యంతరం లేదు. మోకాళ్ళు ఎప్పట్నుంచో ఆ మాటే చెబుతున్నాయి. ప్యాకెట్ చేతిలో ఓడిపోవడానికే అభ్యంతరం.

"పంపించండి మీ సోయా," అన్నాడు.

"బస్తా పంపిస్తాను. ఒక్క విషయం, నానబెట్టేటప్పుడు కొంచెం చూసుకోండి. అది నీళ్ళు తాగితే..."

"అమ్మా, మీరు పుట్టకముందు నుంచీ నేను పప్పులు నానబోస్తున్నా. నీళ్ళ గురించి నాకు చెప్పకండి."

మేడమ్ స్టూలు వెనక్కి జరిపి లేచింది. ఆవిడ వాక్యాన్ని పూర్తి చెయ్యనిచ్చి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆదివారం మాస్టారు భార్యని తీసుకుని బావమరిది పొలానికి వెళ్ళాడు. బావమరిది సోయా రైతు. వాళ్ళిద్దరూ కలిసినప్పుడల్లా మాస్టారు అనే మాట ఒకటే: "మనిషి తినని పంట వేసి మనిషిలా ఎలా తిరుగుతావురా?" ఈసారి మాత్రం ఆ మాట అనకుండా గట్టుమీద కూర్చుని, ఎప్పుడూ లేనిది పైరు బాగుందన్నాడు. బావమరిదికి అనుమానం వచ్చింది.

"ఏంటి బావా, ఒంట్లో బాగాలేదా?"

మాస్టారు సంగతి చెప్పాడు. 'నా వంటింట్లోకి సోయా అడుగుపెట్టలేదు' అన్న మాట దగ్గర బావమరిది చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు ఏ నూనెతో వండుతావు బావా?"

"డబ్బా నూనె."

"డబ్బా మీద బొమ్మేంటి?"

"ఏదో మొగ్గ."

"మొగ్గ కాదు, కాయ. మా కాయ. మా గింజ మిల్లుకి పోతే నూనె నీ డబ్బాలోకి వస్తుంది, పిండి కోళ్ళ దాణాలోకి పోతుంది. ఆ కోడిని మళ్ళీ నువ్వే ఆ నూనెలో వేయిస్తావు. ఇన్నాళ్ళూ నా పంట నువ్వు తింటూనే ఉన్నావు. మధ్యలో కోడి దళారీ, అంతే."

డబ్బాని పైనుంచి పొడవడమే తప్ప పక్కనుంచి ఏనాడూ చూడని మాస్టారు, మాట మార్చడానికి పైరు వంక చూశాడు. బావమరిది ఉత్సాహంగా ఒక మొక్క పీకి, మట్టి దులిపి, వేళ్ళు ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. వేళ్ళనిండా ఆవగింజలంత, మిరియాలంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీరితే లోపల లేత ఎరుపు.

"తెగులేమో రా."

"తెగులు కాదు బావా, నా ఎరువుల కొట్టు. గాల్లోంచి ఎరువు లాగి ఈ మూటల్లో కడుతుంది. యూరియా కోసం నేను లైన్లో నిలబడక్కర్లేదు. ఆకు రాల్చి నేల మెత్తబరుస్తుంది. దీని వెనక మొక్కజొన్న వేస్తే, పిలిచి అన్నం పెట్టినట్టు ఎదుగుతుంది."

"మరి ఏటా ఇదే వెయ్యరాదూ?"

"వేశాను. వరసగా వేస్తే పురుగు ఇక్కడే కాపురం పెట్టింది. పిల్లా పాపా అందరూ ఇక్కడే. అప్పట్నుంచి మార్చి మార్చి వేస్తున్నా."

"సరే, ఇప్పుడు చెప్పు. ఎలా వండాలి?"

బావమరిది మొక్క కింద పెట్టాడు. "నాకేం తెలుసు బావా?"

"పండించేది నువ్వే కదరా!"

"లారీ ఎక్కించేదాకా నాది. ఆ తర్వాత ఏమవుతుందో నేనెప్పుడు చూశాను? ముక్కలుగా చేస్తారని వినడమే. తినలేదు."

"మనిషి తినని పంట అంటే ఇన్నేళ్ళూ నామీద కొట్లాటకొచ్చావు. తీరా చూస్తే నువ్వే తినవా?"

"నువ్వు పెట్టెల ఫ్యాక్టరీలో ఉన్నావు. పెట్టెలు తింటున్నావా?"

ఇక్కడ మాస్టారి భార్య నోరు తెరిచింది. "ఏమండీ, ఆ ముక్కలు..."

"నువ్వుండవే. ఇది పెద్ద వంట," అన్నాడు మాస్టారు.

"అక్కా, బావకి తెలీదంటావా?" అన్నాడు తమ్ముడు.

ఆవిడ ఒకసారి మొగుణ్ణి, ఒకసారి తమ్ముణ్ణి చూసి, సంచిలోంచి వేరుశనగలు తీసి తినడం మొదలుపెట్టింది. మగవాళ్ళిద్దరూ గట్టుమీద తర్జనభర్జన పడి ఒక నిర్ణయానికి వచ్చారు. ముక్క అన్నారు కాబట్టి ముక్కే. ముక్కకి మాంసం కొలతే.

మంగళవారం బస్తా వచ్చింది. మాస్టారు ఎత్తి చూశాడు. బొత్తిగా బరువు లేదు. మేడమ్ అరకొర సరుకు పంపిందని గొణుక్కున్నాడు. మాంసమైతే ఎంత వేస్తాడో అంతా గుండిగల్లోకి ఒంపాడు. కంటికి ఆనలేదు. ఇంకా ఒంపాడు. అడుగున కొంచెం మిగిలితే, కళ్ళు మూసుకుని మేనమామని తలుచుకుని, ఆ దోసెడు కూడా వేసేశాడు. నీళ్ళు పోసి, మూతలు పెట్టి, రాళ్ళెత్తి పెట్టి ఇంటికి వెళ్ళాడు.

ఇప్పుడు బుధవారం. కంపెనీవాళ్ళు వచ్చే బుధవారం.

"డ్రమ్ములో వేస్తే డ్రమ్ము నిండుతుంది," అన్నాడు మాస్టారు. "కాలవలో వేస్తే కాలవ పూడుతుంది."

"పెట్టెల్లో వేస్తే?" అంది అన్నం అక్క. "మనది పెట్టెల ఫ్యాక్టరీ కదా. గోడవారగా పేర్చేస్తే ఎవరు చూస్తారు?"

సలహా బాగానే ఉంది. అక్క ప్యాకింగ్ సెక్షన్ నుంచి ఖాళీ పెట్టెలు తెచ్చింది. ఇద్దరూ ముక్కలు ఎత్తి నింపారు. మొదటి పెట్టెని చెరో పక్కా పట్టుకుని గోదాం వైపు బయల్దేరారు. ఆ ఫ్యాక్టరీ పెట్టెలు బిస్కెట్లకి చేసినవి. బిస్కెట్లు నీళ్ళు కార్చవు. సరిగ్గా గమ్ము సెక్షన్ ముందుకి వచ్చేసరికి పెట్టె అడుగు తడిసి, మెత్తబడి, చప్పుడు లేకుండా విడిపోయింది. చప్పుడంతా ముక్కలు చేశాయి.

గమ్ము మేస్త్రీ మిషన్ ఆపాడు. అట్టకి అట్ట అంటించడం అతని పని, మాటకి మాట అంటించడం అతని సరదా. కింద పడ్డ ముక్క తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"మాస్టారూ, ఇదేంటి, మా సెక్షన్ తుక్కు నానబెట్టారా?"

"కూరరా. ఇవాళ్టి కూర."

"అట్టముక్కల కూరా?" మేస్త్రీ సెక్షన్ మొత్తానికి వినబడేలా అన్నాడు. "ఒరేయ్, విన్నారా! ఇన్నాళ్ళూ పెట్టెలు చేశాం. ఇవాళ్టి నుంచి పెట్టెలు తినే రోజొచ్చింది. మాస్టారూ, చిక్కబడటానికి గమ్ము కావాలంటే మొహమాటపడకండి, డబ్బా పంపిస్తా."

టీ వేళకల్లా కబురు గేటు దాకా పోయింది. కోత సెక్షన్‌వాళ్ళు మధ్యాహ్నం బయట తింటామన్నారు. ప్రింటింగ్‌వాళ్ళు ఆకలి లేదన్నారు. ఒకాయన ముందుజాగ్రత్తగా కడుపునొప్పి కూడా తెచ్చుకున్నాడు. ఇప్పుడు మాస్టారికి ఒకటి కాదు, రెండు తలనొప్పులు. కూర కొండంత ఉంది, తినేవాడు లేడు.

వంటింట్లో తలుపేసుకుని ఒక చిన్న గిన్నెలో రుచికి కూర చేశాడు. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, కారం, అన్నీ చెయ్యి తిరిగిన పద్ధతిలోనే పడ్డాయి. ఒక ముక్క కొరికాడు. నోటినిండా నీళ్ళు వచ్చాయి, ఊరిన నీళ్ళు కాదు, ముక్కలోవి. వానలో మరిచిపోయిన బొంత కొరికినట్టుంది. ఆయన మూతమీద పెట్టే రాయి మీద కూర్చున్నాడు. ఆయన వంటింట్లో కూర్చోవడం అన్నం అక్క ఎప్పుడూ చూడలేదు. ఇక చెప్పకుండానే పరిగెత్తి, వీధి అవతలున్న మాస్టారి ఇంటి తలుపు తట్టింది.

మాస్టారి భార్య వచ్చింది. వెనకే తమ్ముడు కూడా వచ్చాడు. తన పంట మనుషులు తినగా చూద్దామని అతను పొద్దున్నే ఊరినుంచి బయల్దేరి వచ్చి అక్క ఇంట్లో టీ తాగుతున్నాడు.

ఆవిడ గడపలో నిలబడి చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి నిలబడలేక గోడ పట్టుకుంది.

"నవ్వితే నవ్వావు గాని, ఏం చెయ్యాలో చెప్పు," అన్నాడు మాస్టారు. ఇన్నేళ్ళ కాపురంలో వంట గురించి ఆయన ఆవిణ్ణి అడిగిన మొదటి మాట అది.

ఆవిడ గుండిగలో చెయ్యి పెట్టి, గుప్పెడు ముక్కలు తీసి గట్టిగా పిండింది. ధారగా నీళ్ళు కారాయి. "పిండకుండా వండుతారా ఎవరైనా? పిండాలి, నూనెలో ఎర్రగా వేయించాలి, అప్పుడు మసాలాలో వెయ్యాలి. అప్పుడు లోపలికి రసం పీల్చుకుంటుంది."

"నీకెలా తెలుసు?"

ఆవిడ ఇంకో గుప్పెడు తీసి పిండింది. తమ్ముడు అక్కవంక చూశాడు. అన్నం అక్క అందరివంకా చూసింది.

"పోయిన వారం మీరు మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారే, కైమా కూర..."

"ఊఁ."

"అందులో సగం ఇదే."

"అబద్ధం!"

"డాక్టరు మీకు మాంసం తగ్గించమన్న వారం నుంచీ ఇంతే. అంగట్లో పొట్లం తెస్తాను, పిడికెడు వేస్తే గిన్నెడవుతుంది."

"ఏడాదైంది అది చెప్పి!"

"ఏడాదీ మీరు 'మేక లేతగా ఉందే' అన్నారు. నేను అవునన్నాను."

బావమరిది నవ్వబోయి, బావ చేతిలో గరిటె చూసి, దగ్గుగా మార్చుకున్నాడు.

"మరి ఆదివారం పొలంలో చెప్పొచ్చుగా?"

"నోరు తెరిచానుగా. పెద్ద వంట, నన్నుండమన్నారు. ఉన్నాను."

దానికి జవాబు వెతికే తీరిక లేదు. నేలపడ్డవీ పెట్టెల్లోవీ కడిగి తెచ్చుకుని, నలుగురూ చేతులు పైకి మడుచుకుని పిండటం మొదలుపెట్టారు. పిండేకొద్దీ కుప్ప కొంచెం దిగింది, మాస్టారి ముఖంలో కొంచెం ప్రాణం వచ్చింది. పిండిన నీళ్ళు బకెట్లకెత్తి ప్రహరీ వెంట ఉన్న మొక్కలకి పోశారు. సగం ముక్కలు కత్తిపీటకి ఇచ్చి కైమాలా తరిగించాడు మాస్టారు. కొన్ని పొడిగా ఎర్రగా వేయించాడు. మిగతావి చిక్కటి మసాలాలో పడ్డాయి. బావమరిది పిండీ పిండీ వేళ్ళు ముడతలు పడ్డ చేతులు చూసుకుని, "కొయ్యడం కంటే ఇదే కష్టం బావా," అన్నాడు.

"ఇన్నాళ్ళూ లారీ ఎక్కించి చేతులు దులుపుకున్నావుగా. పిండు."

మధ్యాహ్నం గంట కొట్టింది. హాలులోకి జనం వచ్చారు, కానీ వరసలోకి రాలేదు. గోడలకి ఆనుకుని నిలబడ్డారు. గమ్ము మేస్త్రీ వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఘుమఘుమ బాగానే వస్తోంది. అయినా పొద్దున్న తనే వేసిన జోకుని మధ్యాహ్నం తనే మింగడం ఏ మేస్త్రీకైనా కష్టమే.

మాస్టారికి ఒక అలవాటు ఉంది. హాలులో చివరి మనిషి చెయ్యి కడుక్కున్నాకే ఆయన తింటాడు. అందరికీ సరిపోయిందని కళ్ళారా చూస్తేనే ఆయనకి ముద్ద దిగుతుంది. ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిన సంగతే అది.

ఆ రోజు మాత్రం ఆయనకి తను చేసిన కూర మీద తనకే నమ్మకం లేదు. వడ్డించే ముందు ఒకసారి నిజంగా తిని చూడాలనిపించింది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కూడా. ప్లేట్లో అన్నం పెట్టుకుని, కూర వేసుకుని, హాలు మధ్య బల్లమీద కూర్చుని తినడం మొదలుపెట్టాడు. బాగుంది. ఇంకో ముద్ద తిన్నాడు. తలవంచుకుని గబగబా తింటున్నాడు.

హాలంతా ఆయన ప్లేటు వంకే చూసింది.

"ఒరేయ్," అన్నాడు గమ్ము మేస్త్రీ నెమ్మదిగా, "మాస్టారు ముందు తింటున్నాడు."

"అవును."

"మాస్టారు ముందు తింటున్నాడంటే ఏంటి? ఇవాళ కూర చాలదు!"

అంతే. గోడలకి ఆనుకున్నవాళ్ళు గోడల్ని వదిలేశారు. బయటికి పోయినవాళ్ళని ఎవరో పిలిచారు. ఆకలి లేనివాళ్ళకి ఆకలైంది. కడుపునొప్పి ఆయన మోచేతులతో దారి చేసుకుని ముందుకొచ్చాడు. అన్నం అక్క గరిటె పట్టుకుని, "తోసుకోకండ్రా, ఉంది, చాలా ఉంది," అని అరిచింది. ఆ మాట ఒక్కరూ నమ్మలేదు.

తిన్నాక మేస్త్రీ ప్లేటు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఇన్నేళ్ళుగా రెండోసారి అడిగినవాడికి మాస్టారి జవాబు ఒకటే: "నీ కడుపు ఎంతో నాకు తెలుసు, పో."

"వేసుకో," అన్నాడు మాస్టారు.

మేస్త్రీ నివ్వెరపోయాడు. "నిజంగానా?"

"కైమా కూడా వేసుకో."

ఈ కబురు పొద్దుటి కబురు కంటే జోరుగా పోయింది. కంటికొలత మాస్టారు అడిగినంత పెడుతున్నాడు! ఆకలితో కాదు, ఆ వింత మళ్ళీ రాదని తిన్నారు జనం. మేస్త్రీ మూడోసారి వచ్చి, ముక్కని వేలితో నొక్కి చూసి, "మా అట్ట కంటే ఇదే గట్టిగా అతుక్కుంది మాస్టారూ, కడుపుకి," అన్నాడు. పొడిగా వేయించినవి ఇంకా ఉన్నాయి. వాటిని మాస్టారి భార్య చల్లార్చి, కొత్త పెట్టెల్లో మైనపు కాగితం వేసి సర్దింది. సాయంత్రం ఇళ్ళకి తీసుకుపోతామని జనం అప్పుడే పెట్టెల మీద పేర్లు రాసుకున్నారు.

కంపెనీవాళ్ళు వచ్చారు. వచ్చింది ఒక్కడే, కళ్ళద్దాల పెద్దమనిషి. మేడమ్ ఆయన్ని వంటింటి వెనక్కి తీసుకెళ్ళింది. ఆయన డ్రమ్ము మూత తీసి వంగి చూశాడు. ఉల్లిపొట్టు, అల్లం తొక్కలు, తడిసి అడుగూడిన అట్టపెట్టె ఒకటి.

"తిండి ఏదీ?" అన్నాడాయన.

"తిన్నారండి," అంది మేడమ్. వంటిల్లు నిలబడిందని ఆ ఒక్క మాటతో లోపలున్న మాస్టారికి అర్థమైంది. గట్టు పట్టుకుని ఊపిరి వదిలాడు.

ఇద్దరూ వంటింట్లోకి వచ్చాక మేడమ్ చూపు మూల మడిచిపెట్టిన ఖాళీ బస్తా మీద పడింది. "మాస్టారు గారూ, బస్తా అంతా అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"అది నాలుగు వారాలకని పంపాను."

మాస్టారు బస్తాని కాలితో ఇంకొంచెం మూలకి నెట్టాడు. "మనవాళ్ళ ఆకలి మీకు తెలీదమ్మా."

పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంత ఇష్టంగా తింటున్నారంటే వారానికో బస్తా పెట్టండి. మేం ప్రతి బుధవారం మనిషిని పంపి డ్రమ్ము చూపిస్తాం. మిగతా ఫ్యాక్టరీలకి ఆదర్శంగా చెబుతాం."

"రెండు పెట్టండి సార్!" అన్నాడు వెనకనుంచి బావమరిది, రైతుగా ఉండబట్టలేక. మాస్టారి భార్య అతని చెయ్యి గిల్లింది.

సాయంత్రం ఇంటికి నడుస్తూ భార్యే మాట్లాడింది.

"చెప్పెయ్యండి."

"ఏమని? నా కొలత తప్పిందని నా నోటితోనా?"

"ఇవాళ ఎగబడ్డారని ప్రతివారం ఎగబడతారా? వచ్చే బుధవారం మీరు ముందు కూర్చుని తింటే ఎవరూ బెదరరు. మీ నోరు చెప్పకపోతే డ్రమ్ము చెబుతుంది."

ఆయన ఇంకో పది అడుగులు నడిచాడు. "లేత మేక అన్నానా నేను?"

"చాలాసార్లు."

మర్నాడు పొద్దున్నే మాస్టారు మేడమ్ గది తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ రమ్మంది. కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు నీళ్ళ గురించి ఏదో చెప్పబోయారు."

"అవును. మీరు వద్దన్నారు."

"ఏంటది?"

"నీళ్ళు తాగితే మూడింతలవుతుంది, కొలిచి వెయ్యండి అని."

"ఆహా," అన్నాడు మాస్టారు.

"మీకు తెలిసే ఉంటుందిలెండి."

"ఇప్పుడు తెలుసు," అన్నాడాయన. "వారానికో బస్తా వద్దమ్మా. మీరు మొదట అనుకున్నట్టే, నాలుగు వారాలకి ఒకటి చాలు. ఆ పెద్దమనిషికి మీరే చెప్పండి. నిన్న వండింది నాలుగు బుధవారాల కూర."

మేడమ్ తల దించుకుని కాగితాలు సర్దుకుంది. ఆవిడ భుజాలు కూడా కదులుతున్నాయని మాస్టారు గమనించాడు. చూడనట్టు బయటికి వచ్చేశాడు.

మరుసటి మంగళవారం సాయంత్రం క్యాంటీన్ వంటింట్లోకి కొత్త సామాను ఒకటి వచ్చింది. మాస్టారి ఇంటినుంచి తెచ్చిన గిన్నె, అంచు కాస్త సొట్టపోయింది. ఆయన కొత్త బస్తా విప్పి, గిన్నె ముంచి, అంచుకి సమంగా చేత్తో చదునుచేసి గుండిగలో పోశాడు. మళ్ళీ ముంచాడు. అన్నం అక్క పొయ్యి తుడవడం ఆపి లెక్కపెట్టింది.

"ఏడోది వెయ్యరా?"

"వెయ్యను."

"పైన దోసెడు?"

మాస్టారు మూత పెట్టి, రాయి ఎత్తి పెట్టాడు.

"ఆరు గిన్నెలు," అన్నాడు. "దోసెడు లేదు."